ప్లాన్‌లో చేరిన పదో పేరు

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే నేను అక్కడినుంచి లేచిపోతాను. ముంబయి కామాటిపుర పదకొండో గల్లీలో పుట్టి పెరిగినదాన్ని. బతికున్న మనుషుల్ని తట్టుకోవడానికే ఓపిక చాలదు, ఇక చచ్చినవాళ్ల సంగతి నాకెందుకు? ఇప్పుడు చెప్పబోయే దాంట్లో చచ్చి తిరిగొచ్చినవాళ్లెవరూ లేరు. ఉంటే ఎవరో కట్టిన కథ అని కొట్టిపారేసేదాన్ని.

నాకు ఒక్కడే అన్న, నర్సింలు. నేను వేరే కులం అబ్బాయిని చేసుకున్నానని మాట్లాడటం మానేశాడు. పోనీలే అనుకున్నాను. కానీ అమ్మ పోయిన రోజు నాకు కబురు పెట్టలేదు. దాదర్‌లో పనిలో ఉన్నాను. ఎవరో ఫోన్ చేస్తే పడుతూ లేస్తూ వెళ్లేసరికి చితి సగం కాలిపోయింది. తల్లి ముఖం ఆఖరిసారి చూడనివ్వని మనిషిని ఏ దేవుడొచ్చి చెప్పినా నేను క్షమించను. తర్వాత అన్న తానుంటున్న గది, ఆ ఖోలీ, ఖాళీ చేసి ధారావికి వెళ్లిపోయాడని విన్నాను. నంబరు కూడా తీసేశాను.

ఈ మధ్య మా బాబుకు పదకొండో నెల వచ్చింది. మక్తల్ దగ్గర మా అత్తగారి ఊళ్లో, ఎల్లమ్మ గుడి దగ్గర పుట్టువెంట్రుకలు తీయించాలనుకున్నాం. మంగలి కత్తి పెట్టేటప్పుడు పిల్లాడు మేనమామ ఒడిలో కూర్చోవాలి. అందుకు మా పెద్దమ్మ కొడుకు రమేశ్‌ను అడిగాను. ఫోరస్ రోడ్డులో ఉంటాడు, వరుసకు అన్నే. మా అత్తకు మాత్రం నచ్చలేదు.

"సొంత మేనమామ బతికుండంగ ఇంకోని ఒళ్లె కూసోవెడ్తరా? అది ఆయన హక్కు," అంది.

"నా కొడుకును ఆయన ముట్టొద్దు. గంతే," అన్నాను. మూతి ముడుచుకుని లోపలికి వెళ్లిపోయింది.

ప్రయాణం ఏర్పాట్లన్నీ ఫోన్‌లో ఒక యాప్‌లో పెట్టాను. పేర్లు ఎక్కిస్తే ఎవరి సీటు ఏదో, బండి ఎక్కడెక్కడ ఎన్నింటికి ఆగాలో అందులో అందరికీ కనబడుతుంది. మజిలీ చేరాక ఎవరికి వారు ఫోన్‌లో నొక్కితే, వాళ్ల పేరు పక్కన పచ్చ గుర్తు పడుతుంది. మొత్తం తొమ్మిది మందిమి.

మర్నాడు చూస్తే పది పేర్లున్నాయి. పదో పేరు నర్సింలు. మిగతా అందరి పేర్ల కింద ఫోన్ నంబర్లున్నాయి, ఆ పేరు కింద ఏమీ లేదు.

మా ఆయన సంతోష్ మీద విరుచుకుపడ్డాను. తల్లి మాట విని ఆయనే చేశాడనుకున్నాను. పిల్లాడి మీద ఒట్టేశాడు. పేరు తీసేశాను. రెండు రోజుల తర్వాత మళ్లీ ఉంది. మళ్లీ తీసేశాను. మూడోసారి వచ్చాక, ఎవరు చేర్చారో వెతికి చూశాను. నా పేరే ఉంది. బుధవారం మధ్యాహ్నం రెండున్నరకు చేర్చినట్టు చూపించింది. నేను పనిచేసే చోట లోపలికి వెళ్లేముందు ఫోన్లు లాకర్లో పెట్టి తాళం వేసుకుంటాం. ఆ సమయానికి నా ఫోన్ లాకర్లో ఉంది, తాళంచెవి నా మెడలో ఉంది.

అన్నే ఎవరితోనో ఈ పని చేయిస్తున్నాడని తేల్చుకున్నాను. పేరు ఉన్నంత మాత్రాన బండెక్కుతాడా, ఉండనీ అని వదిలేశాను.

శనివారం తెల్లవారుతూనే బయలుదేరాం. మధ్యాహ్నం భోజనాలకు సోలాపూర్‌లో ఆగాలి. ఇంకా అరగంట దారి ఉందనగా ఫోన్ మోగింది. నర్సింలు పక్కన పచ్చ గుర్తు పడింది, సోలాపూర్ చేరినట్టు. హోటల్ ముందు దిగగానే నాలుగు వైపులా వెతికాను. కనిపిస్తే అడగాల్సిన మాటలన్నీ నోటి చివరే ఉన్నాయి. అన్న లేడు. తర్వాతి మజిలీలోనూ అదే జరిగింది, మాకంటే ముందే గుర్తు పడింది. రమేశ్ నా భుజం మీదుగా ఫోన్ చూశాడు.

"చెల్లె, ఆ ఫోన్ బంద్ చెయ్," అన్నాడు. ఆపేశాను.

ఆదివారం గుడి దగ్గర రమేశ్ కొత్త పంచె కట్టుకుని పీట మీద కూర్చున్నాడు. బాబును ఒడిలో పెట్టాను. కొత్తవాళ్లు ముట్టుకుంటే చాలు ఊరంతా వినబడేలా ఏడ్చే పిల్లాడు ఆ రోజు నోరు విప్పలేదు. సగం తల అయ్యేసరికి ఒంటికి పోశాడు.

"మేనమామ ఒళ్లె పోసిండు, ఇగ మామను ఇడువడు," అని మంగలి నవ్వాడు. అందరం నవ్వాం.

పని అయ్యాక బాబును ఎత్తుకున్నాను. లాగు తడిసి నా చేతి మీదుగా కారుతోంది. రమేశ్ లేచి పంచె దులుపుకోబోయి ఆగిపోయాడు. పంచె పొడిగా ఉంది. నమ్మలేక నేను చేత్తో అదిమి చూశాను, పీట కూడా తడిమాను. ఎక్కడా తడి లేదు. అప్పుడు ఫోన్ ఆన్ చేశాను. గుడి అన్న చోట మాలో ఎవరూ నొక్కలేదు, పచ్చ గుర్తు ఒక్క నర్సింలు పేరు పక్కనే ఉంది, పదకొండు దాటి పది నిమిషాలకు పడింది. సరిగ్గా మంగలి మొదలుపెట్టిన వేళ.

ముంబయి తిరిగొచ్చిన మర్నాడే రమేశ్‌తో చిరునామా చెప్పించుకుని ధారావి వెళ్లాను. కొట్లాడటానికే వెళ్లాను. ఇనుప నిచ్చెన ఎక్కితే చిన్న గది. అన్న మంచం మీద ఉన్నాడు, కాలికి తొడ దాకా పట్టీ. పరంజా మీదినుంచి పడ్డాడట. తల దగ్గర పాత బటన్ల ఫోన్ ఉంది. పక్క గదిలో ఉండే నారాయణపేట ఆమె అన్నం పళ్లెం పెడుతోంది. మంచం ఎప్పుడు దిగాడని ఆమెను అడిగాను.

"నెలన్నర అయితుంది బిడ్డా. ఇద్దరు పట్టి దించితెనే దిగుతడు," అంది. తర్వాత గొంతు తగ్గించింది. "ఎన్నడు అట్ల చెయ్యలే గని, మొన్న ఐతారం లుంగీ అంత తడుపుకున్నడు. పదకొండు దాటింది. నేనే మార్చి ఉతికిన."

అన్న విన్నాడు. గోడవైపు తిరిగాడు.

"పోసింది నేను గాదు," అన్నాడు.

పుట్టువెంట్రుకల సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. రమేశ్‌ను తర్వాత పదిసార్లు అడిగాను, తను చెప్పలేదనే అన్నాడు. ఆ రోజు నేనూ చెప్పలేదు, తిట్టనూ లేదు. నిచ్చెన దిగి వచ్చేశాను. యాప్ తీసేశాను. అమ్మ విషయంలో నా కోపం ఇప్పటికీ అణువంతైనా తగ్గలేదు. కానీ ఆ ఆదివారం నా కొడుకు ఎవరి ఒడిలో కూర్చున్నాడని అడిగితే, ఎదురుగా నిలబడి రెండు కళ్లతో చూసిన నేను జవాబు చెప్పలేను.