గేదె కాళ్ళు, ఇత్తడి పళ్ళెం

నా చిన్నప్పుడు, విజయవాడ వన్ టౌన్‌లో కేబుల్ టీవీ వైర్లు ఒక మేడ నుంచి ఇంకో మేడకి వేలాడటం మొదలైన రోజుల్లో, నా కాళ్ళకి ఒక పేరుండేది. గేదె కాళ్ళు. ఆ పేరు పెట్టింది మాకు కూచిపూడి నాట్యం నేర్పే టీచరుగారు. నా పాదాలు వెడల్పు. బొటనవేలికీ పక్క వేలికీ మధ్య ఇంకో వేలు పట్టేంత సందు ఉండేది, ఇప్పటికీ ఉంది. మిగతా పిల్లలు అడుగు వేస్తే గజ్జెలు మోగుతాయనీ, నేను వేస్తే మా క్లాసు మేడ కింద గోడౌన్‌లో మిరపకాయ బస్తాలు దించేవాళ్ళు తలెత్తి చూస్తారనీ ఆవిడే అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి ఏడ్చాను.

నాకు కావలసింది ఒక్కటే. ఆ ఏడు వార్షికోత్సవంలో ఇత్తడి పళ్ళెం ఎక్కి ఆడాలి. పళ్ళెం అంచు మీద రెండు పాదాలూ ఆన్చి, వేళ్ళతో అంచుని బిగించి పట్టి, తాళం తప్పకుండా పళ్ళేన్నే నేల మీద జరుపుకుంటూ పోవాలి. ఆ అవకాశం క్లాసులో ఒక్కరికే. టీచరుగారు మనసులో అనుకున్న అమ్మాయి వేరే ఉంది, సన్నటి పాదాల పిల్ల. అయినా ఆదివారం అందరినీ ఎక్కించి చూస్తానన్నారు.

దాంతో నాకో గొప్ప ఆలోచన వచ్చింది. అమ్మ పాత చీర అంచు చింపి, బొటనవేలినీ పక్క వేలినీ కలిపి గట్టిగా కట్టుకోవడం మొదలుపెట్టాను. బడికి వెళ్ళేటప్పుడు సాక్సు లోపల కట్టు, పడుకునేటప్పుడు కట్టు. సందు మూసుకుపోతే పాదం సన్నబడుతుందని నా లెక్క. అమ్మ చూసి ఆపలేదు సరికదా, ముడి ఇంకాస్త బిగించింది. రేపు పెళ్ళయి మట్టెలు పెట్టుకుంటే ఆ సందు మరీ ఎబ్బెట్టుగా కనిపిస్తుందని ఆవిడ బెంగ ఆవిడది.

మా పక్కింటి అక్క అప్పుడు పశువైద్యం చదువుతోంది. వాళ్ళ నాన్నగారికి తాళంకప్పల కొట్టు. మా సందులో వాళ్ళ ముస్లిం ఇళ్ళల్లో గానీ మా ఇళ్ళల్లో గానీ ఆడపిల్ల ఆ చదువుకి వెళ్ళడం అదే మొదలు. గొడ్ల డాక్టరమ్మ అని వెనకాల అనేవారు. ఎదురుగా అన్నా అక్క కోపం తెచ్చుకునేది కాదు. అవునండీ, మీకేమైనా నలతగా ఉంటే రండి అని నవ్వుతూ అనేది. అన్నవాళ్ళు మళ్ళీ అనేవారు కాదు.

శనివారం సాయంత్రం నేను కుంటుకుంటూ మెట్లెక్కుతుంటే అక్క ఆపింది. సాక్సు విప్పించింది. వేళ్ళు ఎర్రగా కమిలిపోయి ఉన్నాయి. ఎందుకిలా చేశానో, గేదె కాళ్ళ మాటతో సహా చెప్పాను. అక్క ఓదార్చలేదు. గుడ్డ పీలిక విప్పి చేత్తో పట్టుకుని, "రెండు వేళ్ళనీ ఒక్కటి చేస్తే గుర్రమైపోతావనుకున్నావా?" అంది.

నాకేం అర్థం కాలేదు. నన్ను సందు చివరికి తీసుకెళ్ళింది. అక్కడ ఇంకా ఒకటీ అరా జట్కాలు ఆగేవి. జట్కా అతన్ని అడిగి గుర్రం కాలు పైకెత్తి చూపించింది. కింద ఒకటే డెక్క, దానికి లాడం. గుర్రం నిలబడేది ఒక్క నడిమి వేలి మీదనీ, ఆ వేలి గోరే డెక్క అయిందనీ, మిగతా వేళ్ళు తరతరాలుగా చిన్నవైపోయి మాయమయ్యాయనీ చెప్పింది. గట్టి నేల మీద దౌడు తీయడానికి అలాంటి కాలే కావాలట. గాడిదా, చారల గుర్రం జీబ్రా కూడా ఆ కుటుంబమే. ఖడ్గమృగానికి కాలికి మూడు వేళ్ళయినా అదీ వీటి చుట్టమే. ఇవన్నీ బేసి వేళ్ళవి. ఆవు, గేదె, మేక, జింక, ఒంటె, పంది సరి వేళ్ళవి. డెక్కలున్న జంతువు ఎదురైతే ముందు కొమ్ములూ తోకా చూడొద్దు, కాళ్ళు చూడాలి అంది.

ఆవునీ పందినీ ఒకే గుంపులో వేస్తే మా మామ్మ ఒప్పుకోదన్నాను. వాళ్ళ దాదీ కూడా ఒప్పుకోదంది అక్క. కాళ్ళకి మాత్రం వాళ్ళిద్దరి ఒప్పుదలతో పని లేదట.

తిరిగొచ్చి వాళ్ళ డాబా ఎక్కేసరికి వాళ్ళ మేక పిట్టగోడ మీదుంది. ఎప్పుడూ అక్కడే ఉండేది మహాతల్లి. కింద మూడంతస్తుల లోతు, అది తీరిగ్గా నెమరు వేసుకుంటోంది. చెవులు కాదు, కాళ్ళు చూడమంది అక్క. వంగి చూశాను. గోడ అంచు దగ్గర దాని రెండు వేళ్ళూ విచ్చుకుని ఉన్నాయి. ఒకటి ఇటు, ఒకటి అటు. డెక్క చుట్టూ గట్టి గోరు, లోపల పట్టు దొరికే మెత్తదనం. వెనక ఇంకో రెండు చిన్న గోళ్ళు. గేదె కూడా అంతేనట. బురదలో కాలు వేస్తే వేళ్ళు విచ్చుకుంటాయి, తీస్తే దగ్గరవుతాయి. అందుకే మన వరి మళ్ళలో గేదె నడిచిపోతుంది, గుర్రాన్ని దింపితే కూరుకుపోతుంది.

"గుర్రం తక్కువదని కాదే. దాని నేల వేరు. రేపు నువ్వెక్కేది అంచు. అంచు మీద ఎవరు నిలబడతారో చూశావుగా" అంది అక్క. ఆ పీలికని మేక ముందు పడేసింది. మేక దాన్ని వాసన చూసి వదిలేసింది.

ఆదివారం సన్నటి పాదాల పిల్ల ముందు ఎక్కింది. బాగానే ఆడింది, అబద్ధమెందుకు. తర్వాత నేను ఎక్కాను. కట్టు లేదు. సందులోకి పళ్ళెం అంచు వచ్చి కూర్చుంది, దాని కోసమే ఆ సందు ఉన్నట్టు. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా వెళ్ళాను. టీచరుగారు కాసేపు చూసి, ఆట బాగానే ఉందన్నారు. కానీ ముందు వరసలో కూర్చునే పెద్దలకి పాదాలే కనిపిస్తాయి కదా, వాళ్ళు నవ్వితే బాగుండదు కదా అన్నారు. దిగమన్నారు.

"దిగనండీ."

అది నా నోటి నుంచే వచ్చిందని నాకు తెలియడానికి కాస్త టైము పట్టింది. మా క్లాసులో టీచరుగారికి ఎవరూ ఎదురు చెప్పేవారు కాదు. కాళ్ళు మాత్రం అంచుని వదల్లేదు.

"ఇవి గేదె కాళ్ళేనండీ. అందుకే పట్టు తప్పలేదు. జారితే నేనే దిగుతాను" అన్నాను.

ఆవిడ తాళం వేసే కర్ర అందుకున్నారు. వేగం పెంచారు. నేనూ పెంచాను. ఇంకా పెంచారు. నన్ను జార్చాలనే పెంచుతున్నారని పిల్లలందరికీ అర్థమైంది, నాకు ముందే అర్థమైంది. చెమట కళ్ళల్లోకి దిగింది. బొటనవేలి పక్కన చర్మం ఒరుసుకుపోయి మండింది. అంచుని ఇంకా బిగించి పట్టాను. కింద గోడౌన్‌లో వాళ్ళు తలెత్తి చూసే ఉంటారు, చూడనీ. చివరికి ఆవిడ చెయ్యే నొప్పి పుట్టి కర్ర కింద పెట్టారు.

ఆ ఏడు పళ్ళెం నాదే. ముందు వరసలో పెద్దలు కూర్చున్నారు, ఎవరూ నవ్వలేదు. వాళ్ళ వెనక కూర్చున్న అక్క మాత్రం నా మొహం ఒక్కసారి కూడా చూడలేదు. మెడ చాచి మొదటి నుంచి చివరి దాకా నా కాళ్ళే చూసింది.

పెద్దయ్యాక నన్ను దిగమన్నవాళ్ళు చాలామందే వచ్చారు. మట్టెలు పెట్టించి ఇక నాట్యం చాలన్నవాళ్ళు, ఉద్యోగంలో నా కుర్చీ ఇంకొకరికి ఇవ్వమన్నవాళ్ళు, ఈ వయసులో నీకిదంతా ఎందుకన్నవాళ్ళు. మర్యాదగానే వింటాను. వింటూ ఉండగానే చెప్పుల్లో నా కాలివేళ్ళు వాటంతట అవే విచ్చుకుంటాయి.