సుల్తాన్‌కు పడనిది

ఒక కుక్క దురద తగ్గించబోయి, నాతో ఇంకా మాట్లాడుతున్న ఒకే ఒక్క ఇంటిని ఎలా పోగొట్టుకున్నానో చెబుతాను. నవ్వండి, నవ్వడానికే రాస్తున్నాను. నాకు మాత్రం ఆ నవ్వు గొంతు దాకానే వస్తుంది.

ఆత్మకూరు వైపు మా తాతల పేరు చెబితే ఒకప్పుడు ఎదురొచ్చే బండ్లు పక్కకు తప్పుకునేవట. నా దాకా వచ్చేసరికి మిగిలినవి నిటారు వెన్ను, ఇంటిపేరు, సుల్తాన్ అనే లాబ్రడార్ కుక్క. సూర్యాపేటలో రెండు గదుల్లో కిరాయికి ఉంటున్నాను. ఇంటి యజమాని సైదులు, పక్క వాటాలోనే ఉంటాడు. వాళ్ల నాయన మా ఇంట్లో జీతగాడు, అదే పాలేరు. అయినా సైదులు నన్ను దొరా అనే పిలిచేవాడు. అతని భార్య యాదమ్మ మంచి కూర వండిన రోజు నాకూ ఒక గిన్నె పంపేది. వీధిలో మరెవరూ నన్ను పలకరించేవారు కాదు. ఆ పిలుపు, ఆ గిన్నె, అంతే నా సంస్థానం.

నాలుగైదేళ్ల కిందట సుల్తాన్ గోక్కోవడం మొదలుపెట్టింది. పాదాలు నాకి నాకి ఎర్రగా చేసుకుంది. పొట్ట మీద బొచ్చు రాలి పాత చాపలా తయారైంది. పశువుల దవాఖానలో బర్రెల వెనక నిలబడడం నామోషీ అనిపించి, కిరాయి కారులో కోదాడ తీసుకుపోయాను. అక్కడి కుక్కల డాక్టరు ఏం పెడుతున్నారని అడిగితే, నెయ్యి రాసిన గోధుమ రొట్టెలని గర్వంగా చెప్పాను.

"గోధుమ పడట్లేదేమోనండి దీనికి. రెండు నెలలు అన్నం, ఇంతవరకు తినని మేకమాంసం పెట్టి చూడండి. రొట్టె, బ్రెడ్డు, బిస్కెట్టు ముక్క కూడా వద్దు."

"మా ఇంటి కుక్కకు గోధుమ పడకపోవడమేంది?"

"గోధుమకు ఇంటిపేర్లు తెలీవండి," అన్నాడాయన, దురదకు గోళీలు రాస్తూ.

నెల రోజులు సుల్తాన్ మేకమాంసం తిన్నది. మిగిలిన పిండితో నేను రొట్టెలు చేసుకుని తొక్కు పచ్చడితో తిన్నాను. వంశంలో భోగం ఒకరికైనా ఉండాలి కదా. అయినా దురద తగ్గలేదు. తప్పు మాలో ఉండదు, అది మా కులాచారం. మరి ఎవరిది? సైదులుకు షుగర్. యాదమ్మ రోజూ సాయంత్రం చపాతీలు చేసేది. ఇంకేం, దొంగ దొరికింది.

నలుగురూ వినేలా గేటు దగ్గర నిలబడి యాదమ్మను పిలిచాను. పిండి చేతులతోనే వచ్చింది.

"ఎంగిలి రొట్టెలు ఏస్తున్నరా నా కుక్కకు?"

"నేనెందుకేస్త దొరా? మీరు వద్దన్నకాడికెల్లి ఒక్క ముక్క బయట పడకుంట సూస్తున్న."

"జీతగాళ్ల బుద్ధి ఎక్కడికి పోతది," అన్నాను. ఈ వాక్యం రాయకుండా దాటేయవచ్చు. కానీ అన్నది నేనే.

సైదులు లోపలి నుంచి వచ్చి యాదమ్మ పక్కన నిలబడ్డాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "కుక్కకు గోధుమలు పడయి. మీకు మేం పడం. మందు దానికైతే ఉన్నది, దొరా."

వాళ్ల నేరానికి సాక్ష్యం కోసం మళ్లీ కోదాడ పోయాను. పక్కింటి చపాతీల కథంతా విన్నాక డాక్టరు ఒకటే అడిగాడు.

"గోళీలు ఎలా వేస్తున్నారు?"

"చేదు కదా. రొట్టెముక్కలో చుట్టి, నెయ్యి అద్ది వేస్తున్న. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఒక్క పూట తప్పలేదు."

డాక్టరు కలం కింద పెట్టాడు.

కంచే చేను మేసిందంటారు. మా కంచె ఇంకా గొప్పది. తానే మేసి, పక్కింటి ఆవు మీద పంచాయితీ పెట్టింది.

గోళీని అన్నం ముద్దలో పెట్టడం మొదలయ్యాక కొన్ని వారాలకే సుల్తాన్ తేరుకుంది. బొచ్చు మొలిచింది. కూర గిన్నె మాత్రం రాలేదు.

మా ఇంట్లో క్షమాపణ అడిగించుకోవడమే తప్ప అడగడం ఎవరూ నేర్పలేదు. ఆ మాట నోట్లో తిప్పి చూసుకుంటే గోళీ కంటే చేదు, చుట్టి మింగడానికి ఏ పిండీ దొరకలేదు. చివరికి కుక్కను వెంటబెట్టుకుని వాళ్ల గడప ముందు నిలబడ్డాను. "సుల్తాన్‌కు నయమైంది. సూపిద్దామని వచ్చిన," అన్నాను. అంతకు మించి గొంతు వంగలేదు.

యాదమ్మ దాని చెవి మడిచి చూసింది. పొట్ట నిమిరింది. తలుపు బార్లా తెరిచి దాన్ని లోపలికి రానిచ్చింది. నేనూ చెప్పులు విప్పబోయాను.

"మీరు గాడనే ఉండుండ్రి," అంది. "దానికి ఇంత అన్నం పెట్టి పంపిస్త."

సైదులు నాయన మా గడప బయట అలా ఎన్నేళ్లు నిలబడ్డాడో నేనెప్పుడూ ఆలోచించలేదు. నేను నిలబడింది కుక్క అన్నం తిన్నంతసేపే. కాళ్లు పీకాయి.

కాబట్టి సభాముఖంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఎవరింటి పొయ్యి మీద నేరం మోపబోయినా, ముందు నా చేతిలోని ముద్ద వాసన చూసుకుంటాను. వంశం మీద ఒట్టు పెట్టుకోను, దాన్ని ఎవరూ నమ్మరు. సుల్తాన్ మీద ఒట్టు. దాన్నయితే ఇప్పటికీ లోపలికి రానిస్తున్నారు.