చలిలో మొవ్వు

ఎండాకులను నేల మీద ఈడుస్తున్న చప్పుడు ముందు వినిపించింది. ఆ తర్వాతే నర్సరీ షెడ్డు వెనకనుంచి బాబాయి వచ్చాడు, వారం కిందట తానే కోసి పారేసిన ఆకులను కౌగిలించుకుని.

వేడి నేలల పామ్ చెట్టు ఆకులవి. మా ఊరి చలి మెత్తనిదే, మనుషులకు ఒక స్వెట్టరు చాలు. ఆ చెట్లు చావడానికి మాత్రం ఒక మంచు రాత్రి చాలు. బాబాయి ఏటా విత్తనాలు తెప్పించి, ఏ కప్పూ లేకుండా ఆరుబయటే నాటేవాడు. పోయినవి పోగా మిగిలినదాని విత్తనం చలికి ఓర్చుకుంటుందని ఆయన ఆశ. అమ్మకానికి పెంచే పూలమొక్కల మళ్లన్నీ ఒక్కొక్కటే వాటికి ఇచ్చేశాడు. వయసంతా గడిచాక మిగిలింది ఇదొక్కటే. ఈ ఎండాకాలం మొదటిసారి కాయాలి.

"నాకు జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి వెయ్యని మనిషి, దీని ఒళ్లు రోజూ తడిమి చూస్తాడు" అనేది పిన్ని.

తొలి మంచుకు ఆకులు మాడాయి, నడిమి మొవ్వు, ఇంకా విచ్చని లేతాకు, పచ్చగానే ఉంది. మాడిన ఆకులే మొవ్వుకు దుప్పటి, చలి పోయేదాకా కత్తి పెట్టకండని అందరికీ చెప్పే మనిషి, కాస్త ఎండ కాయగానే ఆ దీనమైన రూపం చూడలేక కోసేశాడు. ఆ రాత్రే మంచు మళ్లీ దిగింది.

ఇప్పుడు నిచ్చెనెక్కి, ఆ ఆకులనే మొవ్వు చుట్టూ పురికొసతో కడుతున్నాడు.

"కోసిన జుట్టు నెత్తిన పెట్టుకుంటే అతుక్కుంటుందా? దిగండి. నడుం విరిగితే మిమ్మల్నెవరు కట్టాలి?" నిచ్చెన పట్టుకునే తిడుతోంది పిన్ని.

"చలి ఇంకా పోలేదే."

"మొవ్వు లాగి చూశారా?"

ఆయన పురికొస ఇంకో చుట్టు చుట్టాడు. బతికున్న మొవ్వు లాగితే రాదు. లోపల కుళ్లితే ఊడి వస్తుంది. చెట్లన్నిటినీ అలాగే చూసినవాడు, దీని మొవ్వును మాత్రం ఇన్నాళ్లూ ముట్టుకోలేదు.

చివరికి రెండు వేళ్లతో పట్టుకున్నాడు. లాగినట్టు కూడా లేదు. నిద్రపోతున్న పిల్ల చేతిలోంచి బొమ్మ జారినట్టు వచ్చేసింది. దాని అడుగున గోధుమరంగు గుజ్జు, పులిసిన వాసన.

పిన్ని నిచ్చెనను ఇంకా గట్టిగా పట్టుకుంది.

"మళ్లీ విత్తనాలు తెప్పిద్దాం బాబాయ్" అన్నాను.

ఆయన దిగి, చేతులు పంచెకు తుడుచుకున్నాడు.

"వెళ్లేటప్పుడు గేటు వేసి వెళ్లమ్మా. తీసి ఉంటే మొక్కలున్నాయనుకుని ఎవరైనా వస్తారు."