‘అమర’ మీద అరచెయ్యి

ఆ రోజుల్లో ఒక మనిషి ఉన్నాడో పోయాడో ఫోటో చూసి చెప్పేయగలనని నాకు గట్టి నమ్మకం ఉండేది. నల్ల కళ్లద్దాలు, చేతిలో ఫోను, వెనక ఎవరిదో కారు ఉంటే పుట్టినరోజు. పాస్‌పోర్టు సైజు, బిగించిన మూతి, మూలలు నలిగిన కాగితం అయితే శ్రద్ధాంజలి. నేను అప్పుడు జగిత్యాలలో ఒక ఫ్లెక్సీ షాపులో డిజైనర్‌ని. (డిజైనర్ అన్నది మా ఇంట్లో నేను చెప్పుకున్న మాట. సేటు మాత్రం ‘కంప్యూటర్ పోరడు’ అనేవాడు.) మాది సిరిసిల్ల పక్కన తంగళ్ళపల్లి. మా బాపు సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, గుడ్డ నేసి నేసి చెవులు పోగొట్టుకున్నాడు. నువ్వన్నా చప్పుడు లేని పని చూసుకో అని నన్ను జగిత్యాలలో ఉన్న మా చిన్నమ్మ ఇంటికి పంపాడు. ఫ్లెక్సీ మిషన్ కూడా పొద్దంతా గరగరమంటుందని పాపం ఆయనకు తెలియదు. నేనూ చెప్పలేదు.

మా కంప్యూటర్లో లోకమంతా మూడు ఫోల్డర్లలో ఇమిడిపోయేది. పుట్టినరోజు, పెళ్లి, శ్రద్ధాంజలి. గల్ఫ్‌కు పోయిన మనిషి పెట్టెలో తిరిగొచ్చిన ఇళ్లు మా చుట్టుపక్కల ఊళ్లలో చాలానే ఉన్నాయి కాబట్టి ఆ మూడోది మూసే పనే ఉండేది కాదు. నా ఈడు వాళ్ల ఫోటోలకు దండ వేసి, రెండు పక్కలా దీపం పెట్టి, ‘అశ్రునయనాలతో’ అన్న మాటను చూడకుండా టైపు చేసేవాణ్ని. మొదటి నెల ఏడుపొచ్చింది. మూడో నెలకు దండ కాస్త ఎడమకు జరిగిందా అన్నది తప్ప ఇంకేమీ కనిపించడం మానేసింది. ఇప్పుడు తలుచుకుంటే ఆ పిల్లవాణ్ని చూసి నాకే దిగులేస్తుంది. అప్పుడు మాత్రం పని బాగా వచ్చేసిందని సంబరపడ్డాను.

అలా పని బాగా వచ్చేసిన ఒక పంద్రాగస్టు ముందురోజు మధ్యాహ్నం మైకన్న దగ్గర్నుంచి వాట్సాప్‌లో ఒక ఫోటో, ఒక వాయిస్ మెసేజ్ వచ్చాయి. మైకన్న అంటే గొల్లపల్లి దాటి బుగ్గారం పోయే దారిలో ఉన్న ఒక ఊరి యువజన సంఘం అధ్యక్షుడు. (మైకు లేకపోయినా మైకు ముందున్నట్టే మాట్లాడతాడు. అందుకే ఆ పేరు.) ఫోటో నేను చెప్పిన రెండో రకం, నలుపు తెలుపుల్లో ఒక పడుచు సైనికుడిది. మెసేజ్ నొక్కాను. “తమ్మీ, రేపు పంద్రాగస్టుకు మా ఊళ్లె మిలిట్రీ తాతకు ప్రోగ్రాం వెట్టినం. ఆయన ముచ్చట చెప్తె నువ్వు పరేషాన్ అయితవు. గప్పట్ల యుద్ధమైంది గదా, గా యుద్ధంల తాత సచ్చిపోయిండని ఊరికి తార్ అచ్చింది...” అక్కడ ఆపేశాను. ఇంకా రెండు నిమిషాల పైనే ఉంది. షాపులో నలుగురు గిరాకీలు నా కుర్చీ వెనక నిలబడి మెడ మీద ఊపిరి విడుస్తున్నారు. యుద్ధం, చావు, టెలిగ్రాం. ఇంకేం వినాలి?

పైగా నాకు ఊపు వచ్చింది. రోజూ వేసే దండలు, దీపాలు కావు, ఇది దేశం కోసం. జెండా పెట్టాను. వెనక మంచు కొండలు పెట్టాను. (తాత ఎక్కడ పోరాడాడో నాకు తెలియదు. సైనికుడన్నాక మంచు ఉండాలనిపించింది.) తలకిందులుగా నిలబెట్టిన తుపాకీ మీద టోపీ పెట్టాను. ఫోటో చుట్టూ బంతిపూల దండ. పైన ‘అమర జవాన్’, మధ్యలో తాత పేరు, కింద ‘గారికి జోహార్లు’. మా వైపు జోహార్ అన్న మాట పోయినవాళ్లకే చెప్తారు. ఉన్నవాడికి, వాడు ఎంత పెద్దవాడైనా సరే, జిందాబాదే. అచ్చు తీసి, చుట్ట చుట్టి, తాడు కట్టి సాయంత్రం బస్సులో వేసి పంపాను. ఇంటికి పోతుంటే దారిలో నాకు నేనే సెల్యూట్ కొట్టుకోవాలనిపించింది.

మర్నాడు పొద్దున ఏడింటికి మైకన్న ఫోన్ చేశాడు. జీవితంలో మొదటిసారి మెల్లగా మాట్లాడాడు. “తమ్మీ, నువ్వు తాతను సంపినవు.”

“పోయిండని నువ్వే అన్నవు గదన్నా.”

“మెసేజ్ మొత్తం ఇన్నవా?”

చిన్నమ్మ వాళ్ల అరుగు మీద కూర్చుని, సన్నగా పడుతున్న ముసురులో, మిగతాది విన్నాను. “...తార్ అచ్చింది. అవ్వకు బొట్టు తీసిండ్రు, గాజులు పలగ్గొట్టిండ్రు. మూడు నెలలకు తాత కట్టె పట్టుకోని కుంటుకుంట బస్సు దిగిండు. దవాఖానల ఉండెనట. గసొంటి మనిషికి ఇన్నేండ్లల మనం ఏం జెయ్యలే తమ్మీ. జర మంచిగ వెయ్యి.” ఆ చివరి మాట మూడుసార్లు విన్నాను.

సేటు తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. రెండు స్టిక్కర్లు కోసి ఇచ్చాడు. ‘అమర’ మీద అంటించడానికి ‘మన’, ‘జోహార్లు’ మీద అంటించడానికి ‘జేజేలు’. “నీ చేత్తోని రాసినవు, నీ చేత్తోనే అంటిచ్చిరా. ఎవలన్న తిడితె పడు,” అని బండి తాళం చేతిలో పెట్టాడు. స్టిక్కర్లు తడవకుండా చొక్కా లోపల పెట్టుకుని, దారిపొడుగునా ఆ ముసలాయన ముందు ఎలా నిలబడాలా అని ఆలోచిస్తూ పోయాను.

పంచాయతీ ఆఫీసు ముందు టెంటు వేశారు. బడిపిల్లలు కాగితం జెండాలు పట్టుకుని తడుస్తూ నిలబడ్డారు. నా ఫ్లెక్సీ స్టేజీ వెనక నిండుగా వేలాడుతోంది. అది పీకేద్దామంటే, దాని వెనక గోడంతా మరుగుదొడ్డి కట్టుకోమని చెప్పే బొమ్మలున్నాయి. తాతను వాటి ముందు కూర్చోబెట్టడానికి ఎవరికీ మనసొప్పలేదు. కానీ అసలు చిక్కు అది కాదు. తాత ఇంకా ఇంట్లోనే ఉన్నాడు. అవ్వ పంపనంటోంది.

మైకన్న నన్ను వాళ్లింటికి తీసుకుపోయాడు. అవ్వ గడపకు అడ్డంగా కూర్చుని ఉంది. లోపల మంచం మీద తాత, ఇస్త్రీ చేసిన పాత కోటు వేసుకుని, దాని మీద రెండు పతకాలు పెట్టుకుని, బూట్ల తాళ్లు కట్టుకుని, పొద్దుగాల్నుంచి తయారై ఉన్నాడట. అవ్వ మా వైపు చూడకుండానే అంది. “నేను పంప. దండేసిన బొమ్మ కింద మనిషిని కూసోవెడ్తరా? ఒకపారి ఊరంత గూడి నా గాజులు పలగ్గొట్టిండ్రు. గప్పుడు గూడ ఎవలో కాయితం మీద రాసిందే.”

“అవ్వా, రాసింది నేనే. తప్పు నాది,” అన్నాను. ఇంకా ఏదేదో చెప్పాలని దారంతా అనుకున్నవి ఒక్కటీ నోట్లోంచి రాలేదు.

లోపల్నుంచి తాత గొంతు. “నువ్వేనా నన్ను సంపినోనివి?”

“అవు తాతా.”

“దుష్మన్‌తోటి గాలే. నీతోటి అయ్యింది.”

మైకన్న నవ్వాడు. అవ్వ నవ్వలేదు. తాత ఈసారి ఆమెతో అన్నాడు. “ఏనాడు ఎవలు పిలువలేదే. ఒక్కపారి పోనియ్యి.” ఆ మాట అంటున్నప్పుడు ఆయన బూట్ల వైపు చూసుకుంటున్నాడు. అవ్వ మొదటిసారి నా మొహంలోకి చూసింది. “గా అచ్చరం నాకు కనవడద్దు.”

“కనవడది అవ్వా. ఒట్టు,” అన్నాను.

ఫోటో చుట్టూ ఉన్న దండ మీద పిల్లల కాగితం జెండాలు వరసగా అంటించాం. ‘జేజేలు’ పొడి జాగాలో ఉంది కాబట్టి బుద్ధిగా అతుక్కుంది. ‘మన’ మాత్రం సరిగ్గా టెంటు చూరు కారే మూల పడింది. తుడిచి అంటించాను, ఊడింది. టేపు వేశాను, టేపుతో సహా ఊడింది. అప్పటికే తాత వచ్చి కుర్చీలో కూర్చున్నాడు, అవ్వ ఆడవాళ్ల వరసలో ముందు కూర్చుంది. ఇక చేసేదేం లేక ఒక స్టూలెక్కి, స్టిక్కర్ మీద అరచెయ్యి ఒత్తిపట్టి నిలబడ్డాను.

సర్పంచి మాట్లాడాడు. బడి పెద్దసారు మాట్లాడాడు. మండలం నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి సైన్యంతో మొదలుపెట్టి యూరియా దాకా వచ్చి మళ్లీ సైన్యంలోకి పోయాడు. నా చెయ్యి తిమ్మిరెక్కి నాది కాకుండా పోయింది. చేతులు మార్చిన ప్రతిసారీ ‘అమర’ కొంచెం కనిపించేది, వెంటనే అవ్వ కళ్లు అక్కడికి పోయేవి. తాతకు శాలువా కప్పిన పెద్దమనిషి నన్ను చూసి, ఈ అబ్బాయి ఏదో దీక్షలో ఉన్నాడనుకున్నాడో ఏమో, నాకూ ఒక తువ్వాల కప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. నేల చీలి లోపలికి పోతే బాగుండునని అప్పుడే అనిపించింది.

చివరికి మైకు తాతకు ఇచ్చారు. ఆయన లేచి, కట్టె కుర్చీకి ఆనించి, మైకు రెండు చేతులా పట్టుకున్నాడు. తర్వాత అన్నాడు. “నేను సావలే. కని నా పేరు మీద ఒకడు సచ్చిండు. మా పల్టన్లనే ఉండె. ఆయన పేరు నా పేరు ఒక్కటే. ఊరు ఏరే. ఆయన పోతె తార్ మా ఇంటికచ్చింది. నా పెండ్లాం మూడు నెలలు బొట్టు లేకుంట ఉన్నది. గాడ ఆయన పెండ్లాం మూడు నెలలు బొట్టు వెట్టుకోని పండుగ జేసుకున్నది. ఆమెకు ఎవలు చెప్పలే. నేను ఇంటికచ్చిన, ఊరంత పప్పన్నం తిన్నరు. ఆయనింటికి గప్పుడు వోయింది తార్.”

పిల్లలు కూడా కదలడం మానేశారు. తాత నా వైపు తిరిగాడు. “పోరగా, చెయ్యి తియ్యి. నువ్వు తప్పు రాయలే. గా పేరు ఆయనది గూడ.”

నేను తీయలేదు. పొద్దున ఒట్టు పెట్టుకున్నాను కదా. స్టూలు మీద నిలబడి అవ్వ వైపు చూశాను. ఆమె లేచి నిలబడింది. తాతనే చూస్తూ, మైకు లేకుండా, తమ ఇద్దరికే వినిపించేటంత మెల్లగా అంది. (స్టూలు వాళ్ల దగ్గరే ఉంది కాబట్టి నాకూ వినిపించింది.) “ఇన్నేండ్లల నాకు గూడ చెప్పకపోతివి.” తాత తల వంచుకున్నాడు. అవ్వ కొంగుతో మొహం తుడుచుకుని నాకు చెప్పింది. “తియ్యి కొడుకా.”

తీశాను. ‘మన’ కింద పడింది. మైకన్న “అమర జవాన్‌కు” అన్నాడు. పిల్లలతో సహా అందరూ “జోహార్” అన్నారు. తాత కట్టె లేకుండా నిటారుగా నిలబడి, తన పడుచు మొహమే ఉన్న ఫ్లెక్సీకి, తన పేరే ఉన్న ఇంకో మనిషికి, సెల్యూట్ చేశాడు. అవ్వ చేతులు జోడించింది. నేను స్టూలు మీదే ఏడ్చేశాను. అన్ని శ్రద్ధాంజలి ఫ్లెక్సీలు వేసిన వాణ్ని, మొదటి నెల తర్వాత మళ్లీ అప్పుడే ఏడవడం.

ఇప్పుడు కోరుట్లలో నాకు సొంత షాపు ఉంది. ఎవరు ఫోటో తెచ్చినా ముందు “ఉన్నరా, పోయిండ్రా?” అని అడుగుతాను. బిడ్డ మొదటి పుట్టినరోజుకు ఫ్లెక్సీ వేయించుకుందామని వచ్చిన ఒకాయన ఆ మాటకు నా చొక్కా పట్టుకున్నాడు. అయినా మానలేదు. వాయిస్ మెసేజ్‌లు చివరిదాకా వింటాను, దగ్గుతో సహా.

పోయిన చలికాలం మైకన్న దగ్గర్నుంచి ఒకటి వచ్చింది. “తమ్మీ, ఈపారి నిజమే,” అన్నాడు. అంతకు మించి ఆయన మాట్లాడలేకపోయాడు. కాసేపు గాలి, ఎవరో కుర్చీలు వేస్తున్న చప్పుడు. నేను ఆపలేదు. చివర్లో అవ్వ గొంతు వచ్చింది. “కొడుకా, అమర అని రాయకు. అది గాయనకిచ్చినం. మన అని రాయి.”

అలాగే రాశాను. మంచు కొండలు పెట్టలేదు.

ఆనాటి సభలో తీసిన ఫోటో ఒకటి నా షాపులో కౌంటర్ వెనక ఉంది. కుర్చీలో శాలువాతో తాత, ముందు వరసలో అవ్వ తల వెనక భాగం, వెనక స్టూలు మీద భుజాన తువ్వాలతో, ఫ్లెక్సీకి చెయ్యి ఒత్తిపట్టి, ఎవరి ప్రాణమో తన అరచేతి కింద ఉన్నట్టు బిగుసుకుపోయిన ఒక బక్క పిల్లవాడు. గిరాకీ లేనప్పుడు వాణ్ని చూస్తే నవ్వొస్తుంది. అవ్వ చెప్పింది కదరా, ఇక చెయ్యి తియ్యి అని చెప్పాలనిపిస్తుంది.