ప్రసూతి వార్డు కిటికీ వెనక గుంత

సాలమ్మకు ముందు పళ్ళు రెండు లేవు. అవి ఊడిన రోజే ఆమె ఒక మనిషి చెయ్యి విరగ్గొట్టింది. ఊళ్ళో వాళ్ళు చెయ్యి సంగతి ముందు చెప్తారు. పళ్ళ సంగతి ఎవరికీ గుర్తుండదు.

పుట్టింది దేవరుప్పుల దగ్గర. పెళ్ళయి గూడూరు అవతల అడవి అంచున ఉన్న ఊరికి వచ్చింది. భర్త జోసెఫ్ చనిపోయాక అక్కడి దవాఖానలో ఊడ్చే పనికి కుదిరి పదిహేడేళ్ళు చేసింది. చదువు రాదు గానీ సంచుల రంగులు నిద్రలో అడిగినా చెప్తుంది. కోసి తీసిన కండ, నెత్తుటి దూది పసుపు సంచిలోకి. సెలైన్ గొట్టాలు ఎర్ర సంచిలోకి. సూదులు తెల్లటి గట్టి డబ్బాలోకి. రోజు విడిచి రోజు బండి వచ్చి అవన్నీ తీసుకుపోవాలి. ఇదంతా గోడ మీద బొమ్మలేసి రాసి ఉంది. గోడల మీద ఈ దేశంలో చాలా రాసి ఉంటాయి.

కాంట్రాక్టర్ తరఫున ఉపేందర్ సూపర్‌వైజర్‌గా వచ్చాక సంచులు రావడం తగ్గింది, ఆ తర్వాత బండి రావడమూ తగ్గింది. అన్నీ కలిపి నల్ల కవర్లలో కట్టి దవాఖాన వెనక గుంతలో కాల్చమన్నాడు. ఆ గుంత ప్రసూతి వార్డు కిటికీకి పది అడుగుల దూరంలో ఉంది. గొట్టాలు, గ్లౌజులు, నెత్తుటి గుడ్డలు కాలిన పొగ నేరుగా లోపలికి వెళ్ళేది. పుట్టి పూట గడవని పిల్లలు ముఖాలు నల్లబడేదాకా దగ్గేవాళ్ళు. ఆ గుంతను ఇనుప కొక్కెంతో కెలకడం సాలమ్మ పని.

ఆమె బిడ్డ ప్రవళికకు నెలలు నిండుతున్నాయి. కాన్పు ఆ వార్డులోనే కావాలి, వేరే చోటికి తీసుకుపోయే తాహతు లేదు.

"సారూ, నా బిడ్డ గీడనే కనాలె. ఇరవై దినాలే ఉన్నయి. గా గుంత బంద్ చెయ్యి" అని అడిగింది.

"నీ బిడ్డ దొరసానా? కిటికీ మూసుకొమ్మను" అన్నాడు ఉపేందర్.

"మూస్తే ఉడికి సస్తరు సారూ."

"ఉడకనన్న ఉడకాలె, పొగనన్న పీల్చాలె. దవాఖానంటే గంతే."

డాక్టరమ్మకు చెప్పింది. డాక్టరమ్మ చూద్దామన్నది. దవాఖాన పెద్ద సారుకు చెప్పింది. ఆయన ముక్కుకు చేతి రుమాలు అడ్డం పెట్టుకుని విన్నాడు.

సాలమ్మ చేసే తప్పు కూడా ఒకటుంది. తండాల నుంచి కాన్పుకు వచ్చేవాళ్ళు బిడ్డతో పాటు, బిడ్డ వెనకాల పడే మాయను కూడా అడిగి తీసుకుపోయి, ఇంటి ముందర గుంత తీసి పాతిపెట్టుకుంటారు. అది కుక్కల నోట పడితే బిడ్డకు కీడని వాళ్ళ భయం. మాయను పసుపు సంచిలోనే వెయ్యాలని సాలమ్మకు తెలుసు. కానీ ఆ గుంతలో మాయలు చిటచిటమని కాలడం చూసిన మనిషి, అడిగినవాళ్ళకు లేదని చెప్పలేకపోయేది. పక్కకు తీసి, శుభ్రమైన సంచిలో కట్టి ఇచ్చేది.

ఒక మంగళవారం టీక్యా అనే తండా పిల్లగాడికి కొడుకు పుట్టాడు. మాయ అడిగాడు. ఆ రోజు శుభ్రమైన సంచి లేదు. వాడేసిన నల్ల కవర్ ఒకటి గోడకేసి దులిపి, అందులో కట్టి ఇచ్చింది. తెల్ల డబ్బా నిండిపోయి వారమైంది, సూదులను నర్సులు దొరికిన కవర్లో పారేస్తున్నారు. ఒక సూది కవర్ మడతలో ఇరుక్కుని ఉంది. తల్లీబిడ్డలు వార్డులోనే ఉన్నారు. మాయతో ఇంటికి పోయాక టీక్యా తల్లి, మాయను కవర్లోంచి కుమ్మరించొద్దు, బిడ్డను ఎత్తినట్టు రెండు చేతులతో ఎత్తి పెట్టాలన్నది. వాడు ఎత్తాడు. సూది అరచేతిలో సగం దిగింది.

మరునాడు పొద్దున సాలమ్మ గుంత దగ్గర ఉంది. వెనక నుంచి టీక్యా గొంతు వినిపించింది.

"అవ్వా, గా సూది ఎవరిదే?"

ఆమె తిరిగిందో లేదో కట్టె మూతి మీద పడింది. కింద పడ్డది. నోట్లో ఏదో గట్టిగా తగిలితే ఉమ్మింది, రెండు పళ్ళు బూడిదలో పడ్డాయి. రెండో దెబ్బ భుజం మీద పడింది, మూడోది వీపు మీద.

"ఏ రోగముందో ఎవలకెరుక? పుట్టిన పోరన్ని నేనిప్పుడు ఎట్ల ఎత్తుకోవాలె? చెప్పవే" అంటూ వాడు ఏడుస్తూ కొడుతున్నాడు.

సాలమ్మ చేతులు అడ్డం పెట్టలేదు. తప్పులో తన పాలు తనకు తెలుసు.

అరుపులు విని ఉపేందర్ వచ్చాడు. కట్టెను ఆపలేదు. నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు.

"మంచిగైంది ముసల్దానికి. మాయలు పంచిపెడుతది పెద్ద పుణ్యాత్మురాలు. కొట్టు తమ్మీ. తర్వాత కాయితం మీద రాసియ్యి, తప్పంతా దీనిదే అని."

ఆ మాటకు సాలమ్మ లేచింది. కొక్కెం గుంతలోకి దింపి, కాలుతున్న ముద్దనొకదాన్ని లాగి టీక్యా కాళ్ళ ముందర పడేసింది. కరిగిన ప్లాస్టిక్‌లో సూదులు ముళ్ళపంది వీపు మీది ముళ్ళలా నిలబడి ఉన్నాయి.

"జర సూడు బిడ్డా. నీకు ఒక్కటే దిగింది. కవర్ ఇచ్చింది నేనే, కాదన. డబ్బాలు తేనిది ఎవరో గీన్నడుగు."

ఉపేందర్ ఆమె కొప్పు పట్టుకున్నాడు. "నోరు లేస్తున్నదే" అని వంచి గుంత వైపు తోశాడు. ఎడమ చెయ్యి మోచేతిదాకా నిప్పుల్లోకి పోయింది. చర్మం గ్లౌజులా ఊడింది. కిటికీలో బాలింతలు కెవ్వుమన్నారు. సాలమ్మ అరవలేదు. కుడి చేతిలో కొక్కెం ఇంకా ఉంది. తిరిగి కొట్టింది. జుట్టు పట్టిన చెయ్యి మణికట్టు దగ్గర విరిగి, ఎముక తెల్లగా బయటికి వచ్చింది. మళ్ళీ కొట్టింది. ఉపేందర్ మోకాళ్ళ మీద కూలాడు.

టీక్యా కట్టె పారేశాడు. వచ్చింది ఆమెను చంపడానికే. ఇప్పుడు ఉపేందర్ మెడ పట్టి, వాడి ముఖాన్ని పొగలోకి వంచి పట్టుకున్నాడు.

"పీల్చు. నా కొడుకు నిన్నటి సంది గిదే పీలుస్తుండు. పీల్చు."

ఉపేందర్ కక్కుకునేదాకా పట్టుకున్నాడు. ఎవరో ఫోన్‌లో తీశారు.

ఆ వీడియో పోవలసిన చోటికి పోయింది. పై నుంచి అధికారులు జీపుల్లో వచ్చి, పెద్ద సారులాగే రుమాళ్ళు ముక్కుకు పెట్టుకుని చూసి, మూడు రోజుల్లో ఆ గుంతను మట్టితో పూడిపించారు. బండి వచ్చింది. తెల్ల డబ్బాలు వచ్చాయి. నెత్తురు కారనిదే ఆ దవాఖానలో డబ్బా రాలేదు. టీక్యాకు సూది రోగం అంటకుండా నెల రోజుల గోలీలు ఇచ్చి, మూడు నెలలకు మళ్ళీ పరీక్ష అన్నారు. సాలమ్మను పనిలోంచి తీసేశారు. ఇద్దరి మీదా కేసు పెట్టారు. మహబూబాబాద్ కోర్టుకు వాయిదాలకు ఒకే బస్సులో పోతారు. టీక్యా ఆమెకు కిటికీ పక్క సీటు పట్టి పెడతాడు. పళ్ళ గురించి ఇద్దరూ మాట్లాడుకోరు.

ఆమె పనిలోకి రూప అనే పిల్ల వచ్చింది. దవాఖాన గేటు లోపలికి సాలమ్మను రానివ్వరు కాబట్టి బయట నిలబడే రూపకు రంగులన్నీ చెప్పింది. కట్టు కట్టిన చెయ్యి చూపించి మరీ చెప్పింది.

ప్రవళిక నొప్పులు పడుతున్న రోజు సాలమ్మ ప్రహరీ బయట నిలబడింది. వార్డు కిటికీ తెరిచి ఉంది. గాలి వస్తోంది, పొగ లేదు. మధ్యాహ్నానికి పసిబిడ్డ ఏడుపు వినబడింది. దగ్గు వస్తుందేమోనని చెవులు రిక్కించింది. రాలేదు.

రూప గేటు దగ్గరికి వచ్చింది. "ఆడపిల్ల అత్తా. ఇద్దరు మంచిగున్నరు."

"మాయ ఏదే? గిటు తే."

పొద్దున్నే ఇంటి దగ్గర, జోసెఫ్ పెట్టిన సీతాఫలం చెట్టు కింద, ఒక్క చేత్తో గుంత తవ్వి వచ్చింది.

రూప తల వంచుకుంది. "పసుపు సంచిల ఏసిన. బండి పోయింది. ఎవలడిగినా ఇయ్యొద్దని నువ్వే జెప్తివి గద అత్తా."

 సాలమ్మ కుడి చేతి పిడికిలి ఒకసారి బిగిసింది, వదులైంది.

"మూతి గట్టిగ కట్టినవా?"

"కట్టిన."

"సూదులు?"

"డబ్బాలనే ఏసిన."

ఇంటికి పోయి, తవ్విన మట్టిని కాలితో గుంతలోకి తోసింది.