రెండో చరణం దగ్గర వెలిగిన ఫోన్లు

కరోనా తర్వాత థియేటర్లు మళ్ళీ తెరిచిన ఏడాది, రిటైరవడానికి కొంచెం ముందు, ఒక సినిమాకి ఎడిటర్‌గా ఒప్పుకున్నాను. ఎడిటింగ్ గది ఫిలింనగర్‌లో, కింద టిఫిన్ సెంటరున్న మేడ మీద. ఏడుపు సీనైనా, పెళ్ళి సీనైనా పల్లీ చట్నీ వాసనలోనే చూసేవాళ్ళం. షూటింగ్ అయిపోయింది, రీరికార్డింగ్ కూడా అయిపోవచ్చింది. నాకు మిగిలిన పని నిడివి తగ్గించడం.

మా వృత్తిలో నిడివి అనగానే అందరి కన్నూ రెండో చరణం మీద పడుతుంది. పాటకి పల్లవి, ఆ తర్వాత రెండు చరణాలు ఉంటాయి. పల్లవిలో హీరో మొదలు ఆడియో కంపెనీ దాకా అందరూ వేలు పెడతారు. మొదటి చరణంలో దర్శకుడు పెడతాడు. రెండోది ఎవరూ సరిగ్గా చదవనైనా చదవరు. అది తెర మీదికి వచ్చేసరికి జనం పాప్‌కార్న్‌కి లేస్తారని అందరికీ తెలుసు.

ఈ సినిమాలో అలా కోతకొచ్చిన పాట రాసింది యూసుఫ్‌గూడలో ఉండే నరహరిగారు. అంతకు ముందు ఏడాదే ఆయన భార్య పోయింది. దర్శకుడు తీసేయమన్న రెండో చరణం ఇది:

నువ్వు లేని పొద్దున కూడ
గోడ మీద పూలు పూసె
ట్యాంకరొచ్చె బిందెలొచ్చె
నీళ్ళ కోసం గల్లి లేచె
పూలు జూసిన కన్ను లేదు
నిన్ను తలచిన నోరు లేదు

దర్శకుడిది కాకినాడ వైపు. మంచివాడే. "లైన్స్ చాలా బాగున్నాయండీ మేడమ్, కాదనను. కానీ స్లో అయిపోతోంది కదండీ" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. బాగుందంటూనే తీసిపారేయడం మా పరిశ్రమలో మర్యాద కిందే లెక్క.

పాటలో కోత పడేటప్పుడు రాసినాయనకి ముందే చెప్పడం నా అలవాటు. ఫోన్ చేస్తే నరహరిగారు గదికే వచ్చారు. కోపం తెచ్చుకుంటారనుకున్నాను. ఆయన టీ తాగుతూ, "ఫికర్ చెయ్యకుండ్రి మేడం. పల్లవి వాళ్ళది, రెండో చరణం నాది. గాడ ఎవ్వరు చెయ్యి పెట్టరని నా మనసులది గాడనే రాసుకుంట" అన్నారు. కప్పు కింద పెట్టాక గొంతు తగ్గించి, "గిది మాత్రం మా ఆమెది. ఉంటే బాగుండు" అన్నారు. అంతకు మించి అడగలేదు.

ట్రయల్ షో చూసి తేల్చుకుందామని దర్శకుడూ నేనూ అనుకున్నాం. బయటివాళ్ళని పిలిచి, విడుదలకి ముందు వేసే ఆట అది. అలాంటి ఆటల్లో నేను తెర చూసేదాన్ని కాదు. ముందు వరసలో ఓ మూల పక్కకి తిరిగి కూర్చుని, చూసేవాళ్ళ మొహాలు చూసేదాన్ని. మొహం మీద కిందనుంచి వెలుగు పడిందంటే ఫోన్ బయటికి వచ్చినట్టు. ఎక్కువ మొహాలు వెలిగిన చోట కత్తెర పడుతుంది. చాలామంది ఎడిటర్లది ఇదే పద్ధతి, నాదీ అదే.

ట్రయల్ షో మధ్యాహ్నం నరహరిగారు నా పక్కనే కూర్చున్నారు. మొదటి చరణం దాకా హాలు చీకటిగానే ఉంది. ట్యాంకరు మాట వచ్చేసరికి సగం మొహాలు వెలిగాయి. పాటలో గల్లీ పైకి చూడలేదు, ఇక్కడ హాలూ పైకి చూడటం లేదు. ఆయన వైపు చూడటానికి నాకు మొహం చెల్లలేదు.

అంతలో నా పక్కనే వెలుగు పడింది. నరహరిగారి ఫోన్! చెయ్యి అడ్డం పెట్టుకుని గుసగుసగా ఓటీపీ చెప్తున్నారు. "ఆఁ, గదే. ఇంట్ల నా బిడ్డ ఉంది, సిలిండర్ ఇచ్చిపో" అని పెట్టేసేసరికి చరణం అయిపోయింది.

ఆయన నా వైపు తిరిగారు. కళ్ళు తడిగా ఉన్నాయి, నవ్వు మాత్రం ఆగడం లేదు. "చూసిన్రా మేడం, నా చరణం నేనే ఇనకపోతి. గ్యాస్ ఒడిసిపోయింది మరి. గివన్ని ఆమెనే చూసుకునేది" అన్నారు. నాకూ నవ్వొచ్చింది.

బయటికి రాగానే దర్శకుడు, "చూశారు కదండీ" అన్నాడు.

"చూశాను. రాసినాయన కూడా ఫోనే చూసుకున్నారు. ఆయనకి బాధ లేదంటావా?" అన్నాను.

అతను మళ్ళీ నిడివి మాటే ఎత్తాడు. నీకు కావలసిన నిడివి క్లైమాక్స్ ఫైట్‌లోంచి ఇస్తానన్నాను. అందులో మనుషులు గాల్లోకి లేచి, తీరిగ్గా కిందికి దిగే స్లోమోషన్ షాట్లు బోలెడున్నాయి. ఏది ఉండాలి, ఏది పోవాలి అని సాయంత్రం దాకా బేరమాడి ఒప్పుకున్నాడు. చరణం నిలిచింది.

విడుదలైన రోజు నరహరిగారూ నేనూ ఒక థియేటర్లో కలిసి చూశాం. ఆ చరణం మొదలవగానే మా వరసలోవాళ్ళు లేచారు. మేమిద్దరం మోకాళ్ళు పక్కకి తిప్పి దారి ఇచ్చాం. ఆయన ఈసారి ఫోన్ ఆపేసి, చివరి మాట దాకా విన్నారు. ఏ సమీక్షలోనూ ఆ చరణం ఊసు రాలేదు. ఆయనకి దాని మీద దిగులూ లేదు.

నేను నేర్చుకున్నది పనికి సంబంధించిన విషయమే. ఫోన్ వెలిగితే మనిషి చూపు ఎటు పోయిందో తెలుస్తుంది, మనసు సంగతి తెలియదు. ఆ తర్వాత రిటైరయ్యేలోగా చేసిన రెండు మూడు సినిమాలకీ కోత ఫైట్ల దగ్గరే మొదలుపెట్టాను. అందరూ కళ్ళార్పకుండా చూసేవాటిల్లో కూడా తీసేయదగ్గవి చాలా ఉన్నాయి.