ఎగువకు సాగిన గోదావరి

నేను కాలేజీలో చదివింది అకౌంట్స్. అమెరికా చరిత్ర మాత్రం ఇక్కడికొచ్చాక, మేముండే నేపర్‌విల్ ఊరి లైబ్రరీలో, ఒక్కో అర దాటుకుంటూ, నాకు నేనే నేర్చుకున్నాను. ఆ చదువంటే నాకు కాస్త గర్వం కూడా. అందులో నన్ను పట్టుకుని వదలనివాళ్లు పందొమ్మిదో శతాబ్దపు ప్రదర్శనకారులు. మైళ్లకొద్దీ సాగే నదిని పొడవాటి గుడ్డ మీద బొమ్మలుగా వేయించి, రెండు నిలువు రోలర్ల మధ్య మెల్లగా తిప్పిస్తూ, పక్కన నిలబడి కథ చెప్పేవారు. సినిమా లేని ఆ రోజుల్లో జనం టికెట్ కొనుక్కుని, కుర్చీలోంచి కదలకుండా నదీప్రయాణం చేసేవారు. ఎంత ధైర్యమైన ఊహ!

మా తెలుగు బడి వార్షికోత్సవానికి అలాంటిదే చేద్దామన్నాను. పాత దుప్పట్లు కలిపి కుట్టాం. వాటి మీద పిల్లలు గోదావరిని వేశారు, త్ర్యంబకం కొండ నుంచి అంతర్వేది సముద్రం దాకా. కథ చెప్తానని మా స్నేహితుల కూతురు ముందుకొచ్చింది. ఇక్కడే పుట్టిన పిల్ల. కిందటేడు స్టేజి మీద ఆమె యాస విని హాలంతా నవ్వింది. ఈసారి కాగితం లేకుండా మాట్లాడతానని పంతం పట్టింది. మళ్లీ నవ్వితే తెలుగు మానేస్తానని వాళ్లమ్మకు చెప్పేసింది.

తెర తీసేసరికి గుడ్డ మీద సముద్రం. రిహార్సల్ తర్వాత వెనక్కి చుట్టడం ఎవరికీ గుర్తులేదు.

"ఆంటీ, ఇట్స్ బ్యాక్‌వర్డ్స్. నేను కొండ నుంచి ప్రాక్టీస్ చేశాను," అంది ఆమె పక్కనుంచి, గుసగుసగా.

"అప్పట్లో వాళ్లు కూడా వెనక్కి చుట్టేవాళ్లు కాదట్రా. ఒకరోజు నదిలో కిందికి, మర్నాడు పైకి. నువ్వు పైకి తీసుకెళ్లు."

"సీరియస్లీ?"

"లైబ్రరీలో చదివాను."

"మీరు ఎప్పుడూ అదే చెప్తారు," అని స్టేజి మధ్యకు నడిచింది.

"అందరికీ నమస్కారం. అందరూ రివర్‌తో కిందికి వెళ్తారు. మనం పైకి వెళ్తాం. సో, గట్టిగా తెడ్లు వేయండి."

హాలు నవ్వింది. ఇక తెలుగు మానేస్తుందనుకున్నాను. ఆమె మాత్రం ఆ నవ్వు తగ్గేదాకా ఆగి, ముందు వరుసలో పెద్దాయనను చూసి, "నవ్వితే లేట్ అవుతుంది అంకుల్, రాజమండ్రి బ్రిడ్జ్ వచ్చేస్తోంది," అంది.

ఈసారి చప్పట్లు కూడా వచ్చాయి. పాపికొండలు, భద్రాచలం దాటాం. ఆమె యాస మారలేదు. ఆ యాసతోనే అందరినీ పడవలో కూర్చోబెట్టుకుంది. కొండ మీద నది సన్నని నీలిగీతగా మిగిలాక, "ఇంక వాటర్ లేదు, దిగండి," అంది.

వెంటనే ఎవరూ లేవలేదు.